కొలరాడోలో ఎల్క్ వేట: ఇంటివాళ్లతో, స్నేహితులతో కలిసి వెళ్లేవాళ్లకి లైసెన్సు నుంచి ఫ్రీజర్ దాకా

మగ ఎల్క్ (జింక జాతిలో బాగా పెద్దది) ఒకటి పడిందంటే దాదాపు 700 పౌండ్ల జంతువు, అంటే 300 కిలోల పైమాటే, మీ ముందు పడి ఉంటుంది. ఎముకలన్నీ తీసేసినా ఇంచుమించు 200 పౌండ్ల మాంసం మిగులుతుంది. అది రోడ్డు పక్కన పడదు. తొమ్మిది, పదివేల అడుగుల ఎత్తులో, విరిగిపడిన చెట్ల మధ్య, చాలాసార్లు చీకటి పడబోయే ముందు పడుతుంది. కొత్తగా వెళ్దామనుకునేవాళ్లు నన్ను అడిగేవన్నీ ఏ రైఫిల్ కొనాలి, ఏ బైనాక్యులర్ మంచిది అనే. నేను తిరిగి అడిగేది మాత్రం ఒక్కటే, మోసేది ఎవరు?

మొదటి ఏడాది నేనూ మా బావమరిదీ ఇద్దరమే వెళ్లాం. మూడో రోజు సాయంత్రం కారుకి నాలుగు మైళ్ల దూరంలో, వెయ్యి అడుగులు కిందికి దిగి, ఒక వాగు పక్కన మగ ఎల్క్‌ని కొట్టాను. ఆ క్షణంలో ఉన్న సంతోషం అర్ధరాత్రికి పోయింది. ఇద్దరమూ కలిసి రెండున్నర రోజులు మోశాం, ఆఖరి తొడ దగ్గరికి వెళ్లేసరికి తుంటి ఎముక చుట్టూ మాంసం రంగు మారి కంపు కొడుతోంది. పాతిక ముప్ఫై పౌండ్లు పారేయాల్సి వచ్చింది. ప్రాణం తీసి, తినకుండా పారేశామే అన్న బాధ నాకు ఇంకా పోలేదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఏ వేటైనా ఆఖరి పని దగ్గర, అంటే మోత దగ్గర మొదలుపెట్టి వెనక్కి ప్లాన్ చేస్తాం. ఈ వ్యాసం కూడా అదే లెక్కతో రాస్తున్నాను.

ముందు మనుషులు, తర్వాత ట్యాగులు

200 పౌండ్లని నలుగురు పంచుకుంటే తలా 50, ఒక్క ట్రిప్పులో అయిపోతుంది. ఇద్దరే ఉంటే రెండు ట్రిప్పులు, అంటే అదే దారిని ప్రతి ఒక్కరూ మూడుసార్లు నడవాలి. కొమ్ములతో తల కూడా తెచ్చుకోవాలంటే ఇంకొకరి భుజం కావాలి. మా గుంపులో ఆరుగురం ఉంటాం: నేను, మా ఆవిడ, మా అమ్మాయి, బావమరిది, మా పక్కింటి పెద్దాయన, డల్లాస్ నుంచి వచ్చే నా స్నేహితుడు. ఆరుగురికి మూడు ట్యాగులే (ఒక్కో జంతువుకి ఒక్కో లైసెన్సు) కొంటాం. మిగతావాళ్లు చూడటానికి, మోయడానికి, వండటానికి వస్తారు. వేట లైసెన్సు లేనివాళ్లు మాంసం మోయడంలో తప్పేమీ లేదు, కానీ వాళ్లకి కూడా నారింజ రంగు చొక్కా, టోపీ తప్పకుండా వేయించండి.

బయల్దేరే ముందే అందరూ ఒప్పుకోవాల్సిన మాట ఇంకోటి ఉంది. ఒక జంతువు పడగానే మిగతా రైఫిళ్లన్నీ ఖాళీ చేసి పక్కన పెట్టాలి, ఆ మాంసం క్యాంపుకి చేరేదాకా రెండోదాని జోలికి పోకూడదు. కొత్తవాళ్లకి ఇది కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఇంకో మంద కనిపిస్తుంది. అయినా సరే. అలాగే ఎవరి ట్యాగుకి వాళ్లే కొట్టాలి. నాది నువ్వు కొట్టు, నీది నేను కొడతా అనడం కొలరాడోలో నేరం.

వీసా మీద ఉన్నవాళ్లు ఇది చదవకుండా ముందుకు వెళ్లొద్దు

గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి వీసా తరహా అడ్డేమీ లేదు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు మీద ఆధారపడే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి, ఆ ఫీజు దండగ కాదు. లైసెన్సు లేకుండా సరదాగా వచ్చిన వీసా స్నేహితుడు ఎవరైనా ఉంటే, రైఫిల్ ఒక్కసారి పట్టుకుని ఫోటో దిగుతానన్నా ఇవ్వకండి. అతని స్టేటస్‌తో ఆటలొద్దు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నిషేధం కాబట్టి, ఊళ్లో పెద్దవాళ్లకి ఈ సంగతి చెప్తే కంగారు పడతారు. మా నాన్న కూడా పడ్డారు. ఇక్కడ పద్ధతి వేరు. వందేళ్ల కింద కొలరాడోలో ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, ఎస్టెస్ పార్కు ప్రాంతానికి 1913, 1914ల్లో ఎల్లోస్టోన్ వైపు నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు ఎల్క్ సంఖ్య అన్నిటికంటే ఎక్కువున్న రాష్ట్రం ఇదే, రెండున్నర లక్షలకు పైనే. లైసెన్సు డబ్బులతో పాటు రైఫిళ్లు, తూటాల మీద వసూలయ్యే ఫెడరల్ పన్ను కూడా 1937 చట్టం వచ్చినప్పటి నుంచి వన్యప్రాణుల పనికే వెళ్తుంది.

జనవరి నుంచి ఆగస్టు దాకా

మొదటి పని హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరికైనా ఇది తప్పనిసరి, అంటే మనందరికీ. చలికాలంలోనే ఇంటిల్లిపాదీ కలిసి చేసేయండి. పిల్లలకి 12 ఏళ్లు వస్తే ఎల్క్ లైసెన్సు తీసుకోవచ్చు, పక్కన 18 దాటిన పెద్దవాళ్లు ఉండాలి. మా అమ్మాయి ఆ కోర్సులో నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది, క్యాంపులో ఎవరి రైఫిల్ మూతి ఎటు ఉందో కనిపెట్టి చెప్పేది ఇప్పుడు తనే.

కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ (అందరూ సీపీడబ్ల్యూ అంటారు) ఏటా కొత్త బ్రోషర్ విడుదల చేస్తుంది. దాన్ని ప్రింట్ తీసి, అక్షరం వదలకుండా చదవండి. లైసెన్సులు రెండు రకాలు. డ్రాకి, అంటే లాటరీ పద్ధతికి, సాధారణంగా ఏప్రిల్ మొదటి మంగళవారం లోపు అప్లై చేయాలి, ఆడ ఎల్క్ ట్యాగులు ఎక్కువగా ఇందులోనే వస్తాయి. డ్రా లేకుండా నేరుగా కొనుక్కునే రైఫిల్ ట్యాగులు ఆగస్టు మొదట్లో అమ్మకానికి వస్తాయి, ఇవి చాలా యూనిట్లలో (వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతాల్లో) రెండో, మూడో రైఫిల్ సీజన్లకి, మగ ఎల్క్‌కి. రెండో సీజన్ అక్టోబరు చివర్లో, మూడోది నవంబరులో, ఒక్కోటి తొమ్మిది రోజుల చొప్పున నడుస్తుంది. కుటుంబంతో మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను రెండోదే చెప్తాను, మంచు తక్కువ, రోడ్లు ఇంకా తెరిచే ఉంటాయి.

కొలరాడోలో ఆరు నెలలు వరసగా ఉంటే స్థానికుల ధర, వంద డాలర్ల లోపే. బయట రాష్ట్రం వాళ్లకి మగ ఎల్క్ లైసెన్సు ఎనిమిది వందల డాలర్ల పైమాటే. మా డల్లాస్ స్నేహితుడు మొదటి రెండేళ్లు ట్యాగు లేకుండా మోయడానికే వచ్చాడు, వాడు నేర్చుకున్నంత మేం ఎవరం నేర్చుకోలేదు.

చోటు

మేం వెళ్లేది మీకర్ ఊరికి తూర్పున, ఫ్లాట్ టాప్స్ కొండలకి ఈ పక్కనున్న వైట్ రివర్ నేషనల్ ఫారెస్టుకి. రాష్ట్రంలో అతిపెద్ద ఎల్క్ మంద ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది, జనం కూడా అలాగే వస్తారు. మీకు దగ్గర్లో ఇంకో చోటు ఉంటే అక్కడికే వెళ్లండి, ఎందుకంటే వేసవిలో రెండు మూడుసార్లు వెళ్లి నడిచిరాగలిగిన చోటు కంటే గొప్పది ఏదీ లేదు. జులైలో పిల్లల్ని తీసుకుని క్యాంపింగ్‌కి వెళ్లినట్టే వెళ్లండి. వాగులు, గడ్డి మైదానాలు, ఉత్తరం వైపు వాలులో ఉండే దట్టమైన చీకటి అడవి, వాటి మధ్య దారులు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

ప్రైవేటు భూమి ఎక్కడ మొదలవుతుందో చూపించే ఆన్‌ఎక్స్ లాంటి యాప్ ఒకటి ఉంచుకుని, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్ ఉండదు. కంచె లేకపోయినా, బోర్డు లేకపోయినా ప్రైవేటు స్థలంలో వేటకి యజమాని అనుమతి ఉండాల్సిందే.

ఇప్పుడు మోత లెక్క. మ్యాపు మీద కారు ఆపే చోటు నుంచి గీతలు గీసుకోండి. మా నియమం ఇది: నలుగురు మోసేవాళ్లుంటే రెండు మైళ్లు, ఇద్దరే ఉంటే ఒక మైలు. మాంసంతో పైకి ఎక్కాల్సి వచ్చే లోయ అయితే అందులో సగం. ఆ గీత దాటి ఎంత పెద్ద కొమ్ములు కనిపించినా చూసి ఆనందించి వెనక్కి రావాలి. ఇంకో సంగతి, విల్డర్‌నెస్ అని ప్రకటించిన అడవిలో చక్రం ఉన్నదేదీ నడపకూడదు, మాంసం లాగే రెండు చక్రాల బండి కూడా. అక్కడ భుజాలో, గుర్రాలో మాత్రమే.

రైఫిల్, ఒళ్లు

రైఫిల్ గురించి తక్కువే చెప్తాను. చట్టం ప్రకారం ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల బుల్లెట్ ఉండాలి, దాన్ని కనీసంగానే చూడండి. .270, .308, .30-06 ఏదైనా సరిపోతుంది. కొలరాడోలో తుపాకీ కొన్నాక మూడు రోజులు ఆగాల్సి ఉంటుంది కాబట్టి సీజన్ ముందు వారం దాకా వాయిదా వేయకండి. బల్ల మీద పెట్టి కొట్టడం కాదు, మోకాలి మీద కూర్చుని, చెట్టుకి ఆనించి, రొప్పుతూ ప్రాక్టీసు చేయండి. పళ్లెమంత గుండ్రంలో ఐదుకి ఐదూ పడే దూరం ఎంతో అదే మీ హద్దు. నాది 200 గజాలు. మా అమ్మాయిది 120.

రైఫిల్ కంటే వీపు మీద బరువు ముఖ్యం. జులై నుంచి వారానికి రెండుసార్లు 40 పౌండ్ల బియ్యం సంచి బ్యాగులో వేసుకుని గుట్టలు ఎక్కండి. డల్లాస్, న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లు రెండు రోజులు ముందే వచ్చి డెన్వర్‌లో ఉంటే 5,280 అడుగుల గాలికి కొంచెం అలవాటు పడతారు. క్యాంపులో ఎవరికైనా తలనొప్పి తగ్గకుండా వాంతులు మొదలైతే పొద్దున చూద్దాం అనుకోవద్దు, రాత్రే కిందికి దించండి.

క్యాంపు

నేషనల్ ఫారెస్టులో సాధారణంగా ఒకచోట 14 రోజుల దాకా ఉండొచ్చు. రాత్రిళ్లు సున్నా కిందికి పోతాయి, స్లీపింగ్ బ్యాగు విషయంలో పిసినారితనం చేయకండి. మంట వేసుకోవచ్చో లేదో ఆ వారం నిబంధన చూసుకోండి. వంటలో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది: మామూలు గిన్నె తీసుకెళ్తారు. పదివేల అడుగుల ఎత్తులో నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి, బియ్యం ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది, పప్పు సంగతి చెప్పక్కర్లేదు. చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి. మా ఆవిడ మొదటి రెండు రోజులకి పులిహోర కలిపి తెస్తుంది, తర్వాత చారు, పప్పన్నం, ఉప్మా. తెల్లవారుజామున నాలుగింటికి వేడి ఉప్మా తిని బయల్దేరినవాడు పదింటిదాకా నిలబడతాడు. తిండి, చెత్త రాత్రిపూట కారులోనే ఉంచండి, అక్టోబరులో నల్ల ఎలుగులు ఇంకా తిరుగుతుంటాయి.

ఎవరు ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి క్యాంపులో పెట్టాలి. మందు తాగడం రైఫిళ్లన్నీ ఖాళీ చేసి లోపల పెట్టాకే.

అడవిలో

నడుముకి పైన 500 చదరపు అంగుళాల ప్రకాశవంతమైన నారింజ లేదా గులాబీ రంగు, అదే రంగు టోపీ వేసుకోవాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకే కొట్టొచ్చు. రోడ్డు మధ్య గీత నుంచి కనీసం 50 అడుగులు పక్కకి రావాలి. కారులో రైఫిల్ ఛాంబర్‌లో తూటా ఉండకూడదు.

సెప్టెంబరులో మగవి ఈల వేసినట్టు కూస్తూ తిరుగుతాయి, రైఫిల్ సీజన్‌కి ఆ సందడి అయిపోతుంది. పెద్ద మగవి అలసిపోయి, మందకి దూరంగా, దట్టమైన చెట్లలో పడుకుంటాయి. తెల్లవారుతూనే, చీకటి పడుతూనే గడ్డి కోసం అంచుకి వస్తాయి. తుపాకుల చప్పుడు మొదలైన రెండు రోజులకి అంచుకి రావడం కూడా మానేస్తాయి, అప్పుడు మనమే మెల్లగా లోపలికి వెళ్లాలి. తాజా పెంటికలు మెత్తగా, మెరుస్తూ ఉంటాయి. పడుకున్న చోట్లలో గుర్రపుసాల వాసన వస్తుంది, ఆ వాసన తగిలితే అక్కడే ఆగిపోండి.

కన్ను, చెవి కొంత మోసపోయినా ఎల్క్ ముక్కు మోసపోదు. తెల్లవారుజామున చల్లటి గాలి కొండ పైనుంచి కిందికి జారుతుంది, కాబట్టి అప్పుడు మీరు కింద ఉండి పైకి ఎక్కాలి. ఎండెక్కాక గాలి పైకి తిరుగుతుంది, అప్పుడు మీరు పైన ఉండాలి. సాయంత్రం మళ్లీ కిందికి. ఆ మార్పు జరిగే గంటసేపు గాలి ఎటు పడితే అటు పోతుంది, మేం ఆ టైములో కూర్చుని ఏదైనా తింటాం. చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని అప్పుడప్పుడూ ఊదితే గాలి కంటికి కనిపిస్తుంది.

ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఒకరు చూడాలి, ఒకరు కొట్టాలి. చాలా యూనిట్లలో మగ ఎల్క్‌కి ఒక కొమ్ముకైనా నాలుగు మొనలు ఉండాలి, లేదా నుదుటి దగ్గరి మొన కనీసం ఐదు అంగుళాలు ఉండాలి. పక్కవాడు బైనాక్యులర్‌లో లెక్కపెట్టి గట్టిగా అవునంటేనే. పక్కకి తిరిగి నిలబడి ఉండాలి, ముందు కాలు వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి. దాని వెనక ఇంకోటి నిలబడి లేదని చూసుకోండి. కొట్టాక అది కదలకుండా నిలబడినా ఆశ్చర్యపోవద్దు, ఇంకో తూటా వేయండి. పరుగెత్తితే ఆ చోటు కళ్లతో పట్టుకుని, అరగంట కూర్చోండి. వెంటనే వెంటపడితే గాయంతోనే మైలు దాటిపోతుంది. తర్వాత రక్తం, వెంట్రుకలు చూసుకుంటూ ఒక్కో గుర్తు దగ్గర ఒకరు నిలబడి ముందుకు వెళ్లండి.

పడిన తర్వాత మొదటి మూడు గంటలు

ముందు ట్యాగు మీద సంతకం, తేదీ. తర్వాత, మా పక్కింటి పెద్దాయన నేర్పించినట్టు, దాని మీద చెయ్యి వేసి ఒక నిమిషం అందరం మౌనంగా ఉంటాం. మా ఆవిడ దండం పెట్టుకుంటుంది.

ఆ తర్వాత ఆలస్యం పనికిరాదు. ఎల్క్ తోలు మందం, కింద ఉన్ని లాంటి బొచ్చు, బయట మంచు ఉన్నా లోపల వేడి గంటల తరబడి పోదు. మొదటి ఏడాది నా ఎల్క్ తొడ పాడైంది అందుకే. పొట్ట కోయకుండానే పని జరిగే పద్ధతి ఉంది: ఒక పక్కకి పడుకోబెట్టి, వెన్ను వెంట తోలు కోసి, కిందికి ఒలిచి, ముందు జబ్బ తీయండి (దానికి ఎముక కీలు ఉండదు, కత్తి సులువుగా వెళ్తుంది). తర్వాత వెనక తొడ, వెన్ను పక్కనుండే పొడవాటి కండ, మెడ మాంసం. ఆఖరి పక్కటెముక వెనక చెయ్యి పెట్టి లోపలి మెత్తటి కండ తీయాలి. అప్పుడు తిరగేసి రెండో పక్క. తొడ ఎముక దాకా మాంసం చీల్చి తెరిస్తే వేడి బయటికి పోతుంది, దూరం ఎక్కువైతే ఎముక అక్కడే తీసేయండి. మగదో ఆడదో తెలిపే భాగం ఒక తొడకి అంటుకునే ఉండాలి, అది చట్టం. నాలుగు కాళ్ల మాంసం, వెన్ను కండలు, లోపలి కండలు వదిలేసి రావడం కూడా నేరమే.

పలచటి గుడ్డ సంచుల్లో వేసి, నీడలో, గాలి తగిలేలా కొమ్మకి వేలాడదీయండి. ప్లాస్టిక్ కవరు అసలు వద్దు. అన్నీ ఒకేసారి మోయలేకపోతే మాంసాన్ని పేగులున్న చోటుకి వంద గజాలు దూరంగా, దూరం నుంచే కనిపించేలా పెట్టండి, పొద్దున వచ్చేటప్పుడు చప్పుడు చేస్తూ రండి, ఎలుగు వచ్చి ఉండొచ్చు.

మోసేటప్పుడు మొదట వెనక తొడలు, ఒళ్లు అలిసేకొద్దీ చిన్న సంచులు. కొమ్ములు ఆఖర్న, వాటికి నారింజ గుడ్డ కట్టి. పిల్లలకి వెన్ను కండ సంచి ఇవ్వండి, అదే అందరికంటే మంచి ముక్క అని చెప్పండి. మా అమ్మాయి తన 15 పౌండ్లు ఎవరికీ ఇవ్వకుండా కారు దాకా తెచ్చింది.

ఇంటికొచ్చాక

జింక జాతుల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని మెదడుకి వచ్చే జబ్బు ఉంది. అది మొట్టమొదట కనిపించింది కొలరాడోలోనే, 1967లో, ఫోర్ట్ కాలిన్స్‌లో. వండితే పోయేది కాదు. మనుషులకి వచ్చిందని తేలలేదు గానీ, పాజిటివ్ వస్తే తినొద్దనే అమెరికా ఆరోగ్య శాఖ సలహా. తలని సీపీడబ్ల్యూ కేంద్రంలో పరీక్షకి ఇవ్వండి, ఫలితం వచ్చేదాకా ఏ జంతువు మాంసం దానికి విడిగా పెట్టండి. వెన్నెముకని రంపంతో కోయొద్దు. మాంసం కోసి ఇచ్చే షాపుకి ఇస్తే, మాది వేరేవాళ్లదాంతో కలపకండి అని ముందే చెప్పండి.

మేం ఇంట్లోనే కోస్తాం. ఒక ఆదివారం డైనింగ్ టేబుల్ మీద ప్లాస్టిక్ పరిచి, ఆరుగురం కూర్చుంటాం. ట్యాగు ఎవరిదైనా వాటాలు సమానం, వండినవాళ్లకీ మోసినవాళ్లకీ ఒకటే. ఈ మాట కూడా వేటకి ముందే అనుకోవాలి.

ఎల్క్‌లో కొవ్వు దాదాపు ఉండదు. మేక మాంసం లెక్కన వండితే ఎండిపోతుంది. వెన్ను కండని ఉప్పు, మిరియాలు రాసి పెనం మీద రెండు పక్కలా కాల్చి, లోపల కొంచెం ఎర్రగా ఉండగానే దించేయండి. కాలి పిక్కల మాంసం కుక్కర్‌లో ఆరేడు విజిల్స్, తర్వాత గోంగూర వేస్తే దానికి సాటి లేదు. ఖీమాకి నూనె రెండింతలు పోయండి. ప్రతి ప్యాకెట్ మీద ఏ ముక్క, ఎవరి ట్యాగు, ఏ తేదీ అని రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు ముందు వరసలో ఉన్నవాటి మీద మా అమ్మాయి చేతిరాతతో తన పేరే ఉంది, వాటిని సంక్రాంతికి మా డల్లాస్ వాడు వచ్చేదాకా ముట్టుకోవద్దని ఆర్డరు.